పాటల పొగ

జూబ్లీహిల్స్‌లో నా క్లినిక్ మూసి, కిందికి దిగి, కృష్ణానగర్‌లో ఒక గదికి వారం వారం వెళ్లేవాణ్ణి. అక్కడి మనిషి సినిమా పాటలకు పొగ వేసేవాడు. తెరమీద హీరోయిన్ మేఘాల్లో తేలుతుంటే ఆ మేఘాలు ఆయనవే. రేకుడబ్బాలో బొగ్గులు రాజేసి, సాంబ్రాణి చల్లి, అట్టతో విసురుతూ కెమెరా ముందు పరుగెత్తాలి. ఫిలింనగర్ సెట్లలో అందరూ ముక్కుకు రుమాలు కట్టుకునేవారు. ఆయన కట్టుకోలేదు. సాంబ్రాణి దేవుడి పొగ, దానికి గుడ్డ అడ్డంపెడితే పాపమట! షూటింగ్ అయ్యాక బెల్లంముక్క తింటే లోపలి పొగంతా దిగిపోతుందని కూడా నమ్మాడు. నేను చూసేసరికి ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి.

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని, మెడికల్ కాలేజీలో పాఠాలూ చెప్పేవాణ్ణి. సభల్లో మూఢనమ్మకాలను ఉతికి ఆరేసేవాణ్ణి. తొంభైల మొదట్లో, ఊపిరితిత్తుల మార్పిడిని పరాయిదేశంలో నేర్చుకుని వచ్చాను. ఇక్కడ దానికి ఏర్పాట్లు లేవు, ఇచ్చేవాళ్లూ లేరు. పోయినవాళ్లను బూడిద చేస్తాం గానీ పక్కవాడికి ఊపిరివ్వం, అదే మన ధర్మం. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఒకరోజు ఆయన ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటూ, రొమ్ము చూపించి అడిగాడు.

"సాబ్, కిడ్నీలు మారుస్తున్నరంట. గివి మార్చరా?"

"మారుస్తారు. మన దగ్గర ఇంకా మొదలుకాలేదు."

"నేనుండంగ అయితదా?"

అబద్ధం నోటికి రాలేదు. "కాదు," అన్నాను.

"అయితే నేను పొయ్యినంక నావి తీస్కోండ్రి. కోసి సూడుండ్రి. మీ దగ్గర సదివే పిల్లలకైన పనికొస్తయి."

పొయ్యి దగ్గరున్న ఆయన భార్య గరిటెతోనే లేచి వచ్చింది. "ఏందా మాటలు? గవి లేకుంట పోతే మల్ల జన్మల ఊపిరాడక పుడ్తవు. నేనియ్య!"

ఆమె కాదంటే ఎవరూ ముట్టుకోకూడదు. పునర్జన్మను చీల్చి చెండాడే ఉపన్యాసం నా దగ్గర సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆయనే నవ్వాడు.

"పిచ్చిదానా, మల్ల గివే వస్తే ఏం జేస్కోవాలె? పాతయి గీడ ఇడిసిపెడితెనే గద కొత్తయిచ్చేది!"

నవ్వు దగ్గులోకి దిగింది. ఆమె ఆయన వీపు నిమురుతూ, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని తనూ నవ్వింది. ఆ వెంటనే ఏడ్చింది. జన్మల మీద నాకు నమ్మకం అప్పుడూ కలగలేదు, ఇప్పుడూ లేదు. కానీ వీపు నిమురుతున్న ఆ చెయ్యి ముందు వాదన పెట్టబుద్ధి కాలేదు. ఉపన్యాసం మింగేసి, గ్లాసుతో నీళ్లందించాను.

చలికాలం వెళ్లకముందే ఆయన పోయాడు. ఆసుపత్రి వరండాలో ఆమె తనే నా దగ్గరకు వచ్చింది.

"తీస్కోండ్రి సారూ. గని ఒక్క మాట. సూసేటోళ్లంత బీడీలు తాగి గిట్లయిండనుకుంటరు. నా మనిషి బీడీ ముట్టలే. గది పాటల పొగ. జర జెప్పుండ్రి."

ఆ ఊపిరితిత్తులు మా కాలేజీలో గాజుజాడీలో చాలాకాలం ఉన్నాయి. వాటిని చూసి చదువుకున్నవాళ్లలో కొందరు, తర్వాతి కాలంలో మార్పిడి ఇక్కడా మొదలయ్యాక, నాతో కలిసి పనిచేశారు. కొత్త విద్యార్థులు జాడీ చుట్టూ చేరినప్పుడల్లా, జబ్బు పేరు కంటే ముందు నేను చెప్పిన మాట ఒకటే.

"ఈయన బీడీ ముట్టలేదు. ఇది పాటల పొగ."