కెప్టెన్ అడిగే ఆదివారాలు

పెన్సిల్ చెక్కిన పొట్టు వాసన తగిలితే చాలు, ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కన క్లోనీలో మేం అద్దెకున్న పాత ఇంటి వంటగదిలోకి వెళ్ళిపోతాను. లాక్‌డౌన్ వచ్చేనాటికి నాకు పదకొండేళ్ళు. మమ్మల్ని చూసిపోదామని చలికాలంలో గుంటూరు నుంచి వచ్చిన తాతయ్య, విమానాలు ఆగిపోయి మా దగ్గరే చిక్కుకుపోయాడు. ఆ ఉగాదికి మామిడికాయ దొరక్క అమ్మ పుల్లటి పచ్చ యాపిల్ తరిగి పచ్చడి చేస్తే, తాతయ్య తన పెట్టె అడుగు నుంచి ఎండు వేపపువ్వు పొట్లం తీసి చల్లి, “చేదు మనది, పులుపు వీళ్ళది, గ్రాండ్‌గా కుదిరిందిలే” అంటూ మళ్ళీ పెట్టించుకున్నాడు.

తాతయ్య వైమానిక దళంలో ఫ్లైట్ ఇంజనీరు. డబ్లిన్‌లో దిగే విమానాలు మా ఇంటి మీదుగానే పోయేవి. అవేవీ లేని ఆకాశాన్ని పెరట్లో చేతులు వెనక్కి కట్టుకుని చూసి చూసి, లోపలికొచ్చి, నా బడి పెన్సిళ్ళతో కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్టల వెనక బొమ్మలు గీసేవాడు. అన్నీ ఒకడివే. వాళ్ళ విమానానికి దారి చెబుతూ బంగ్లాదేశ్ యుద్ధంలో పోయిన నేవిగేటర్. నవ్వుతూ, నిద్రపోతూ, నారింజ ఒలుస్తూ, మీసం సరిగా మొలవని కుర్రాడు. వాటిని వంటగది అలమర తలుపులకి అంటించుకుంటూ పోతే అమ్మకి చక్కెర డబ్బా ఏ తలుపు వెనకుందో తెలిసేది కాదు.

“ఆదివారాలు ఫోన్ చేసే మీ కెప్టెన్‌ని కూడా డ్రా చెయ్ తాతయ్యా,” అన్నాను.

“బతికున్నోళ్ళని గీయగూడదమ్మా. ఎగిరేముందు మేం ఫొటో గూడా దిగేవాళ్ళం కాదు.”

ఆ విమానంలో వాళ్ళు నలుగురు: కెప్టెన్, నేవిగేటర్, వైర్‌లెస్ చూసే సిగ్నలర్, ఇంజనీరు తాతయ్య. విమానం కదిలేముందు కెప్టెన్ ఒక్కొక్కరినీ పిలిచేవాడు, అందరూ ఓకే అంటేనే కదిలేవాడు. ఒకరోజు సరిహద్దులో సైనికులకి రేషన్ మూటలు జారవిడుస్తుంటే కింద నుంచి తూటాలు తగిలాయి. కెప్టెన్ హెడ్‌ఫోన్‌లో అందరినీ పిలిచాడు. నేవిగేటర్ తల వాలిపోయి ఉంది. ఆ ఇంజన్ల హోరులో ఎవరి గొంతో ఎవరికీ తెలియదు. తాతయ్యే “నేవిగేటర్ ఓకే” అన్నాడు. “నిజం చెబితే ఆయన విమానం నడపలేకపోయేవాడు. ఇంకా ముగ్గురం ఉన్నాం గదా,” అన్నాడు నాతో. కిందికి దిగాక కెప్టెన్ తాతయ్య భుజం మీద తల ఆనించి ఏడ్చాడట.

మిగిలిన ముగ్గురూ ముసలివాళ్ళయ్యారు. ప్రతి ఆదివారం పూనా నుంచి కెప్టెన్ ఫోన్ చేసేవాడు, కొచ్చి నుంచి సిగ్నలర్ జోసెఫ్ అంకుల్ కలిసేవాడు. “సిగ్నలర్?” “ఓకే.” “ఇంజనీర్?” “ఓకే.” ఆఖర్న “కెప్టెన్ ఓకే.” ఆ తర్వాతే మోకాళ్ళ నొప్పులూ, మనవల కబుర్లూ.

ఎండాకాలంలో కెప్టెన్‌కి కోవిడ్ సోకింది, నాలుగు రోజుల్లో పోయాడు. ఆయన కూతురు ఫోన్ చేసి మా నాన్నకి చెప్పింది. తాతయ్యేమో గుండెకి స్టెంట్ వేసిన మనిషి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడమే గగనమైన రోజులు. తాతయ్యకి తెలియనివ్వొద్దని అమ్మ జోసెఫ్ అంకుల్‌ని బతిమాలింది. ఆదివారం ఆయనొక్కడే ఫోన్ చేశాడు. “కెప్టెన్‌కి గొంతు బాలేదు, అందరినీ నన్నే పిలవమన్నాడు,” అన్నాడు.

“ఇంజనీర్?”

“ఓకే. కెప్టెన్?”

దానికీ జోసెఫ్ అంకులే జవాబు చెప్పాడు. “కెప్టెన్ ఓకే.”

“సరే జోసెఫ్,” అని తాతయ్య ఫోన్ పెట్టేసి, నా పెన్సిళ్ళ పెట్టె అడిగాడు. టీ వేళకి తలుపు మీద నేవిగేటర్ పక్కన ఒత్తు కనుబొమల కుర్ర కెప్టెన్ ఉన్నాడు. అమ్మ చూసి కుర్చీలో కూలబడింది.

“ఎవరు చెప్పారు మామయ్యా?”

“జోసెఫే. నేను ఆనాడు కెప్టెన్‌కి చెప్పినట్టే చెప్పాడు,” అని మొహం తువ్వాలులో దాచుకుని ఏడ్చాడు. తాతయ్య ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు భయమేసి ఆయన మోకాలు పట్టుకుని కూర్చున్నాను.

విమానాలు మొదలయ్యాక తాతయ్య వెళ్ళిపోయాడు. మరుసటేడు గుంటూరులో పోయాడు, ఆ తర్వాత జోసెఫ్ అంకుల్ కూడా. ఆ ఇంటి లీజు ఎప్పుడో అయిపోయింది. విమానాలు మళ్ళీ తిరుగుతున్నాయి, ఎవరూ తలెత్తి చూడరు. మొన్న నేను కూర్చుని తాతయ్యని గీశాను, ఆయన తనవాళ్ళని గీసినట్టే, పాతికేళ్ళ కుర్రాడిగా. అమ్మ బాగుందంది. ఆ వయసులో తాతయ్యని అమ్మ చూడలేదు, నాన్నా చూడలేదు. ఆ మొహం ఎరిగినవాళ్ళు ఆ విమానంలోని ముగ్గురే ముగ్గురు. పోలిక కుదిరిందా అని అడుగుదామంటే వాళ్ళలో ఒక్కరూ లేరు.