గోడ వెనకాల మోటారు

మేమున్న అద్దె ఇల్లు పడగొట్టి అంగళ్లు కట్టిస్తానని యజమాని చెప్పిన రోజు నుంచి మా ఇంట్లో అందరి మొహాలూ వాడిపోయాయి. రాయచూరు బజారులో మాది జాకెట్టు గుడ్డలు, ఫాల్స్, లైనింగులు అమ్మే చిన్న మ్యాచింగ్ సెంటరు. పొద్దున నేను కూర్చుంటాను, ఎండ ఎక్కాక మా ఆయన కూర్చుంటారు. మా అత్తమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. మధ్యలో ఎవరో ఒకరం ఇంటికెళ్లి ఆమెను చూసుకుని రావాలి. కాబట్టి మాకు కావలసిన ఇల్లు అంగడికి దగ్గరగా ఉండాలి, మెట్లుండకూడదు, నీళ్లకు ఇబ్బంది ఉండకూడదు. చెప్పుకోవడానికి చిన్న కోరికలే. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, ఊళ్లో అందరివీ అవే కోరికలని.

బ్రోకరు కన్నడాయన. ప్రతి ఇంటి తాళం తీస్తూ "ఇదు నిమగాగే ఇట్టీని నోడ్రి అక్కా" అనేవాడు, మా కోసమే ఉంచానని. ఒక ఇంట్లో కింద అంతా బండ్లు పెట్టుకునే చోటు, మనుషులు ఉండాల్సింది పైన. ఇంకొక ఇంట్లో వంటగది ఎంత ఇరుకంటే ఫ్రిజ్ తలుపు తెరవాలంటే ముందు మనం బయటికి రావాలి. ఒక యజమానురాలు మా కులం, మా తిండి, మా చుట్టాలెంతమంది అన్నీ అడిగి, చివరికి మా అత్తమ్మ రాత్రుళ్లు దగ్గుతుందా అని కూడా అడిగింది. ఆ వేసవిలో తలమీద తడి టవల్ కప్పుకుని వీధులు తిరిగి తిరిగి, ఇంటికొచ్చాక అత్తమ్మకు మొహం చూపించడానికి సిగ్గేసేది. ఆమె "ఈ రోజు కూడా దొరకలేదా?" అన్నట్టు ఒక చూపు చూసి, మజ్జిగ గ్లాసు నా వైపు జరిపేది.

చివరికి పాత ఊరిలో ఒక ఇల్లు చూశాం. రాతి గోడలు, నాపరాళ్ల నేల, లోపల అడుగు పెట్టగానే ఒళ్లంతా చల్లబడింది. ముందు గదుల్లో యజమానురాలు ఒంటరిగా ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. నడుము వంగినా గొంతు వంగలేదు. ఆమె భర్త వేరుశనగ, పత్తి వ్యాపారం చేసి పోయాడట. పిల్లల్లేరు.

"ముందల గదుల్ల నేనుంట. ఎనకాల మీరుండుండ్రి," అందామె. "బోరు నీళ్లున్నయ్. గాని పెరట్ల ఆ కొట్టం జోలికి మాత్రం పోవద్దు. గంతే నా షరతు."

కొట్టానికి ఏముంది, మాకేం పని అనుకున్నాను. మెట్లు లేవు. నీళ్లున్నాయి. అంగడికి నడిచి వెళ్లొచ్చు. నా గుండెల మీద నుంచి బండరాయి దిగినట్టయింది. మా ఆయన గదుల కొలతలు చూస్తుంటే, బట్టల మూటలు ఎక్కడ పెట్టుకోవచ్చా అని నేను పెరట్లోకి నడిచాను.

ఆ కొట్టం వాకిలికి తలుపులు లేవు. వాకిలంత మేర ఇటుకలతో మూసేసి ఉంది. పక్క గోడకు మాత్రం చువ్వల కిటికీ ఒకటుంది. జోలికి పోవద్దంది గాని చూడొద్దనలేదు కదా అని సెల్‌ఫోన్ లైటు వేసి లోపలికి చూశాను. చీకట్లోంచి రెండు పెద్ద గుండ్రటి కళ్లు నన్ను చూశాయి. కెవ్వుమన్నాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి ఆయన కూడా చూశారు. ఆయన అరవలేదు. చువ్వలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"కారే!" అన్నారు చాలాసేపటికి. "ఎంత పాతదో చూసినవా? ముందు తలుపు, ఎనక తలుపు రెండూ నడిమి కమ్మీకే ఉన్నయ్. అగో, ఆ కమ్మీల సందు చూడు. మలుపు తిరిగేటప్పుడు అండ్లకెల్లి చిన్న చెయ్యి లేస్తది. మలుపు లైట్లు గిట్ల లేని కాలం."

ఆయనకు చిన్నప్పటి నుంచి బండ్లంటే పిచ్చి. నాకు కనపడింది మాత్రం దుమ్ము దుప్పటి కప్పుకుని మోకాళ్ల మీద కూలబడిన ఏనుగులాంటి ఆకారం. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. పైకప్పు మీద ఎలుకలు పీకిన గోనెసంచులు. ఆయన చువ్వల్లోంచి చెయ్యి పెట్టి ఫోటో తీసి హైదరాబాద్‌లో పాత కార్లు కొని బాగుచేసే స్నేహితుడికి పంపించారు. ఫోన్ జేబులో పెట్టుకునేలోపే అటునుంచి ఫోన్ మోగింది. "అక్కడి నుంచి కదలకు," అంటున్నాడు ఆ మనిషి. "విలాయత్ నుంచి ఓడలో వచ్చిన బండి అది. మన దేశంలో ఇంకా ఎన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు."

వెనక నుంచి కర్ర చప్పుడు వినిపించింది. పెద్దామె గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"చెప్పలేదా నేను? దాని జోలికి పోవద్దని చెప్పలేదా?"

కోప్పడుతుందనుకున్నాం. కానీ ఆమె కర్ర వదిలేసి నా భుజం పట్టుకుంది. నేను పట్టుకుని పెరటి అరుగు మీద కూర్చోబెట్టాను. మంచినీళ్లు తాగి కాసేపు ఊపిరి తీసుకున్నాక తనే చెప్పింది.

"మా మామ కొన్న మోటారది, నిజాం కాలంల. మామ పోయినంక మా ఇంటాయన నడిపిండు. ఒక వానకాలం పల్లికాయ బేరానికి ఊర్ల మీద పోయి తెల్లారి ఇంటికొచ్చిండు. నేను లేచి చూస్తే బాయికాడ ఎనక సీటు కడుగుతున్నడు. నీళ్లన్నీ ఎర్రగ పోతున్నయ్. ఎవరి నెత్తురు అని అడిగిన. ఏం కాలేదు, నువ్వు అడగొద్దు అన్నడు. ఎన్నిసార్లు అడిగినా గంతే మాట. ఎవర్నో గుద్దిండు బిడ్డా. ఎవరి పాణమో పోయింది అండ్ల. నేను మళ్ల ఆ మోటారు ఎక్కలే. గోడ కట్టియ్యమన్న. మారు మాట్లాడకుండ కట్టిచ్చిండు. తప్పు లేకపోతే కట్టిస్తడా?"

 ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాం. అత్తమ్మ మోకాళ్లు రాసుకుంటూ, "పాణం పోయిన మోటారున్న ఇల్లు మనకొద్దు బిడ్డా," అంది. మెట్లు లేని ఇల్లని వినగానే పొంగిపోయింది కూడా ఆమే. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆ గొంతులోనే తెలిసింది. నేను బ్రోకరుకు ఫోన్ చేసి వేరే ఇల్లు చూడమన్నాను.

మేం వదిలేసినా ఆ ఫోటో మమ్మల్ని వదల్లేదు. హైదరాబాద్ స్నేహితుడు మురిసిపోయి ఎవరికో పంపాడు, వాళ్లు ఇంకెవరికో పంపారు. వారం తిరిగేసరికి రాయచూరులో ప్రతి ఫోన్‌లో ఆ గుండ్రటి కళ్లే. మా అంగడికి వచ్చిన ఆడవాళ్లు గుడ్డ రంగు చూపించడానికి ఫోన్ తీసి, ముందు ఆ ఫోటో చూపించి, "మన ఊర్లనేనంట అక్కా!" అనేవాళ్లు.

ఒక పొద్దున గల్లా దగ్గర కూర్చుని ఉండగా ఫోన్ వచ్చింది. పెద్దామె. "బిడ్డా, జర రా. మోటారు గురించి ఎవడో వచ్చిండు. తలుపు తియ్యలే నేను. పాణం పోయినోళ్ల మనిషే ఉంటడు. నాకు భయమైతుంది." ఆమెకు పిలవడానికి ఇంకెవరూ లేరని అప్పుడు అర్థమైంది. ఇల్లు చూడటానికొచ్చి వద్దనుకున్న వాళ్లం మేం. అంగడి మా ఆయనకు అప్పజెప్పి పరుగులాంటి నడకతో వెళ్లాను.

అరుగు మీద అరవై ఏళ్ల మనిషి కూర్చుని ఉన్నాడు. తలకు రుమాలు, పక్కన కందిపప్పు సంచి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను తలుపు తట్టి, "అవ్వా, నేనే," అంటే గడియ తీసింది. ఆమె చెయ్యి నా మణికట్టును వదల్లేదు.

"నేను యాపలదిన్ని నుంచొచ్చిన తల్లీ," అన్నాడాయన. "ఫోన్ల మోటారు చూపిచ్చిండ్రు. మా అమ్మ చెప్పే మోటారు గిదేనేమో చూసి పోదామని వచ్చిన. నాకేం వద్దు. ఇంట్ల పండిన పప్పు జరంత తెచ్చిన."

పెద్దామె నా వెనక నుంచే అడిగింది. "పోయినోళ్లు నీకేమైతరు?"

"ఎవరు పోయిండ్రు అవ్వా?"

"ఆ మోటార్ల పోయిన పాణం. ఎవరిది? దాచకుండ చెప్పు."

ఆయనకు అర్థం కాలేదు. నా వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "పాణం పోలేదవ్వా. ఆ మోటార్ల నేను పుట్టిన."

నా మణికట్టు మీది వేళ్లు ఒక్కసారిగా వదులయ్యాయి. ఆమె అక్కడే గడప మీద కూర్చుంది.

ఆయన కూడా ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. "మా అమ్మకు నొప్పులొచ్చినయంట. మా నాయిన ఎడ్లబండి కట్టిండు. వాన, బురద. బండి వాగుల దిగబడ్డది. ముందుకూ పోదు, ఎనక్కీ రాదు. అప్పుడు పల్లికాయ కొననీకె వచ్చిన సావుకారి మోటారు ఆపి, ఎక్కుండ్రి అన్నడంట. రాయచూరు దవాఖాన దాక పోకముందే నేను బయటపడ్డ. మా అమ్మమ్మే పురుడు పోసింది, ఎనక సీట్ల. సావుకారి ఎనక్కి తిరిగి చూడకుండనే తన శాలువ తీసి భుజం మీదికెల్లి ఎనక్కిచ్చిండంట, పోరన్ని చుట్టనీకె. ఊర్ల ఇప్పటికీ నన్ను మోటారోడనే పిలుస్తరు."

"ఏం శాలువ?" అందామె.

"పచ్చంచుది. నేను నడిచే దాక మా అమ్మ అండ్లనే పండబెట్టింది."

"ఎక్కడ పారేసుకున్నవని అడిగితే చెప్పలే," అందామె. ఆయనతోనూ కాదు, నాతోనూ కాదు. "ఎన్నిసార్లు అడిగిన. చెప్పలే."

 వీధిలో ఉల్లిగడ్డల బండి వాడు అరుస్తూ వెళ్లిపోయాడు. ఆమె వేళ్లతో నాపరాయి మీద గీతలు గీస్తూ, లెక్క చూసుకుంటున్నట్టు అంది.

"ఆ ఏడు శ్రావణంలనే నా కడుపుల బిడ్డ పోయింది. ఏడో నెల. నేను అన్నం గూడ ముట్టకుండ పండుకున్న రోజులవి. ఇంటికొచ్చి, నా మోటార్ల ఒకరికి కొడుకు పుట్టిండని ఎట్ల చెప్తడు? నాకెట్ల చెప్తడు? తర్వాత మాకు కాలేదు బిడ్డా. ఇగ ఎప్పుడు చెప్తడు?"

ఆమె ఏడుస్తుందనుకుని నేను దగ్గరకు జరిగాను. ఆమె నవ్వింది. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఆ నవ్వు మాత్రం ఆగలేదు. "గోడ కట్టియ్యమంటే కట్టిచ్చిండు పిచ్చోడు!" అంటుంది, మళ్లీ నవ్వుతుంది. అన్నేళ్లు బరువు మోసిన మనిషి మూట దించి, భుజం తడుముకున్నట్టుంది ఆమె వాలకం. యాపలదిన్ని ఆయన బిత్తరపోయి చూస్తుంటే, "నువ్వు కూసో బిడ్డా, చాయ్ తాగకుండ పోతవా?" అంది. చాయ్ నేనే పెట్టాను. ఆ వంటింట్లో ఏది ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటే, ఈ ఇల్లు నాదే అనిపించింది.

అత్తమ్మకు చెప్పినప్పుడు ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "పుట్టిన ఇల్లు బిడ్డా, పోయిన ఇల్లు కాదు. ఎప్పుడు పోదాం?" అంటూ మందుల డబ్బా సర్దడం మొదలుపెట్టింది. ఇల్లు మారిన రోజు లోపల ఒక్క గడప దగ్గర కూడా తడబడకుండా నడిచి, చివరి గదిలో మంచం మీద కూర్చుని, "ఇగ నన్ను లేపొద్దు," అంది.

గోడ పగలగొట్టించింది పెద్దామే. ఇటుకలు తీసేసరికి వీధి వీధంతా పెరట్లోకి వచ్చింది. తలా ఒక చెయ్యి వేసి తోస్తే, గాలి లేని టైర్ల మీద మూలుగుతూ, అడుగడుగు జరుగుతూ మోటారు ఎండలోకి వచ్చింది. తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము కింద ముదురాకుపచ్చ రంగు బయటపడింది. వెనక సీటు తోలు పగుళ్లు బారి ఉంది. మరక ఎక్కడుందో మాలో ఎవరికీ కనపడలేదు. పెద్దామె తలుపు తియ్యమని లోపలికెక్కి వెనక సీట్లో కాసేపు కూర్చుంది. అంతమందిమీ ఊరికే చుట్టూ నిలబడ్డాం. మా ఆయన కూడా ఏ మీటా ముట్టుకోలేదు.

తర్వాత హైదరాబాద్ స్నేహితుడు లారీ తెచ్చుకుని వచ్చాడు. ఆమె కాదనలేదు. "నడిచే దానిని నడిపియ్యి. మళ్ల యాడనన్న మూల పెట్టకు," అని మాత్రం చెప్పింది. లారీ మలుపు తిరిగే దాకా వాకిట్లో నిలబడింది గాని, వెనక్కొచ్చాక కాళ్లు కడుక్కుని సంతోషంగానే భోంచేసింది.

ఎండలు తగ్గాక ఆమెను యాపలదిన్ని తీసుకెళ్లాను. మోటారోడి తల్లి ఇంకా ఉంది. మంచం దిగలేదు, చెవులు సరిగ్గా వినపడవు. ఎవరొచ్చారో కొడుకు గట్టిగా అరిచి చెబితే, ఆమె పెద్దామె చెయ్యి దొరకబుచ్చుకుని మొహం దగ్గరకు తెచ్చుకుంది.

"సావుకారి మంచిగున్నడా?" అని అడిగింది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. కొడుకు సరిచెయ్యబోతే పెద్దామె చేత్తో వారించింది. ఆమె చెవి దగ్గరకు వంగి, "మంచిగున్నడు. నిన్ను చూసి రమ్మన్నడు," అంది.

మాకు జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ, వంకాయ కూర పెట్టారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో గాలి చల్లగా ఉంది, రెండు పక్కలా పత్తి మొక్కలు అప్పుడే మొలకెత్తుతున్నాయి. "జర మెల్లగ పోనియ్," అని ఆటో అతనికి చెప్పి, పెద్దామె నాతో తన భర్త గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. మోటారు నడిపేటప్పుడు ఈల వేసేవాడట. చక్కెర ఎక్కువ వేస్తేనే చాయ్ తాగేవాడట. కోపమొస్తే కన్నడంలో తిట్టేవాడట, ఇంట్లో ఎవరికీ కన్నడం రాని రోజుల్లో. రాయచూరు వచ్చే దాకా చెబుతూనే ఉంది.