బల్లకి సంబంధం చూసిన ఆంటీ

మా పై ఇంటి ఆంటీ పోయారని చెప్పడానికి అంకుల్ ఫోన్ చేసినప్పుడు నేను నోయిడాలో ఆఫీసు మీటింగులో ఉన్నాను. బయటికొచ్చి ఎత్తితే, "ఆంటీ పోయిందమ్మా, పొద్దున్నే. ఇంటికి తీసుకొచ్చేశాం. నువ్వోసారి రాగలవా? హాలంతా ఆ బల్లే ఉంది, మనిషిని పడుకోబెట్టడానికి చోటు లేదు" అన్నారు. నాకు ఏడుపు రావలసిన చోట ఒళ్ళు మండింది. ఆ బల్లని వదిలించుకోమని ఏడాదిగా ఆవిడతో పోట్లాడుతూనే ఉన్నాను. వినలేదు. ఆఖరికి ఆవిడ పోయిన రోజున కూడా మా ఆయనా, వాచ్‌మన్ భయ్యా, ఇంకో నలుగురూ కలిసి ముందు దాన్ని గోడవారకి జరపవలసి వచ్చింది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. కానీ ముందు నా విసుగు కాస్త దింపుకోనివ్వండి.

ఆంటీది కాకినాడ. అంకుల్ సైన్యంలో చేసి రిటైరయ్యారు. అంబాలా అనీ, మీరట్ అనీ, జబల్‌పూర్ అనీ ఎక్కడికి బదిలీ అయినా సరే, దొరల కాలంనాటి బంగళాల్లోంచి పాత సామాను వేలం వేస్తున్నారని చెవిన పడితే చాలు, ఆవిడ చెప్పులేసుకుని బయల్దేరేవారట. పేము అల్లిన వాలుకుర్చీలు, మూలలకి ఇత్తడి తొడిగిన పెట్టెలు, నగిషీ చెక్కిన మడత తెర, నిలువుటద్దాల బీరువాలు, అన్నీ అలా చేరినవే. "నాకు పెళ్ళాం ఒక్కతే. లగేజీ మాత్రం పటాలానిది" అని అంకుల్ విసుక్కునేవారు. పెద్ద పెద్ద క్వార్టర్లు ఉన్నన్నాళ్ళు చెల్లింది. రిటైరయ్యాక ఇందిరాపురంలో కొనుక్కున్నది మూడు గదుల ఫ్లాటు. ఆ ఇంట్లో వంటింటికి వెళ్ళాలంటే పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి నడవాలి.

అమ్మేయొచ్చు కదా ఆంటీ అంటే, "ఆడపిల్లల్ని అమ్ముకుంటామేంటమ్మాయ్" అనేవారు. అందుకని ఒక్కొక్కటే ఇచ్చేయడం మొదలుపెట్టారు. ఇవ్వడమంటే ఊరికే ఇవ్వరు. సంబంధం చూడాలి. ఏదో ఊళ్ళో ఎవరో మేజరుగారి భార్య దగ్గర ఆవిడ నీటిరంగులు నేర్చుకున్నారు. ఇవ్వదలచిన సామానుని, అది పూర్వం ఉన్న వరండాతోనో గదితోనో సహా బొమ్మ వేసి, ముందు ఆ బొమ్మని పంపేవారు, పెళ్ళికూతురి ఫోటో పంపినట్టు. కెమెరాతో తీసి పంపితే పోలేదా అంటే, ఫోటోకి చెక్క రంగు తెలీదనేవారు. ఆ బొమ్మని వాళ్ళు ఏ గోడకి తగిలించారో, దాని మీద ఎండ పడుతోందో లేదో కొన్నాళ్ళు చూస్తారు. నచ్చితే సామాను వస్తుంది. నచ్చకపోతే ఆవిడే వెళ్ళి బొమ్మ పీక్కొచ్చేస్తారు. ఇలా మా బ్లాకులో ఆవిడతో వియ్యమందని తెలుగిల్లు లేదు.

మా ఇంటికి అద్దంబల్ల వచ్చింది. అప్పటికి మేం ఢిల్లీకి కొత్త. నేల మీద ఒక పరుపు, టీవీ వచ్చిన అట్టపెట్టె మీదే టీవీ. అంతే మా సంసారం. ఆ అద్దంబల్ల వచ్చి గోడకి నిలబడిన రోజున, ఇది కూడా ఇల్లేనని మొదటిసారి అనిపించింది. అది నేనెన్నటికీ మరచిపోను. కానీ ఆ మర్నాటి నుంచీ తనిఖీలు. తలుపు తట్టడం, "దాన్ని ఓసారి చూసిపోదామని వచ్చాను" అనడం, సరాసరి పడగ్గదిలోకి నడవడం. బొమ్మ మీద ఎండ పడుతోందని ఆ గోడ నుంచి ఈ గోడకి మార్పించేవారు. "నీ మొహానికైతే క్రీము రాసుకుంటావు. దానికెవరు రాస్తారు?" మార్చినప్పుడల్లా ఒక మేకు, ఒక కన్నం. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు ఆ గోడలు చూసి ఏమంటాడోనని మా ఆయనకి ఇప్పటికీ బెంగ. టీ కప్పు నేరుగా బల్ల మీద పెట్టానా, మాట మధ్యలోనే ఆపి, కప్పు ఎత్తి, కొంగుతో తుడిచి, కింద నా ఆఫీసు డైరీ పెట్టి, మళ్ళీ మాట అందుకునేవారు.

అన్నిటికీ సంబంధాలు కుదిరాయి. మిగిలింది భోజనాల బల్ల. రోజ్‌వుడ్‌ది. డజను మంది మోచేతులు తగలకుండా కూర్చోవచ్చు. హాలు మొత్తం దానిదే. ఆ బల్ల చివర ఒక మూల కంచాలు పెట్టుకుని ఆంటీ, అంకుల్ ఇద్దరే తినేవారు.

దానికో ఇల్లు చూడ్డం ఏడాది కిందట మొదలైంది. కారు నాది, సెలవు నాది, సంబంధం ఆవిడది. పాత సామాను కొనే వ్యాపారి ఒకాయన తనంతట తానే వచ్చాడు. టేపు పెట్టి కొలిచి, "మేడమ్, బీచ్ మే సే కాట్ దేంగే. దో బన్ జాయేంగే, ఊపర్ గ్లాస్ లగాయా తో షోరూమ్ పీస్" అన్నాడు. మధ్యకి కోసి రెండు చేస్తాననే మాట వినేసరికి ఆవిడ తలుపు తెరిచి పట్టుకున్నారు. ఆయన టీ ఇంకా సగం కూడా తాగలేదు. అంకుల్ స్నేహితుడొకాయన తన ఆఫీసులో మీటింగులకి కావాలన్నాడు. "దాని మీద జన్మలో ఒక్క ఇడ్లీ పడదు" అని అదీ వద్దన్నారు.

తర్వాత గుర్గావ్‌లో ఒక తెలుగు కుటుంబం దొరికింది. పెద్ద విల్లా, బల్లకి తగ్గ హాలు, బొమ్మని కూడా ఎండ తగలని గోడకే పెట్టారు. హమ్మయ్య అనుకున్నాను. జూన్ నెల ఎండలో, ఏసీ సరిగా పనిచెయ్యని నా ఆల్టోలో ఆవిడని తీసుకెళ్ళాను. ఆ ఇంటావిడ కూల్‌డ్రింక్ ఇచ్చి ఎంతో మర్యాద చేసింది. ఆంటీ ఆవిడని ఒక్కటే అడిగారు.

"రాత్రిపూట అందరూ కలిసే తింటారా అమ్మా?"

"ఎక్కడండీ! ఆయన వచ్చేసరికి లేటు. పిల్లలు వాళ్ళ రూముల్లో, నేను టీవీ ముందు. దీని మీద మంచి ఫ్లవర్‌వాజ్ పెడదామనుకుంటున్నాను."

"అచ్ఛా" అన్నారు ఆంటీ. లేచి, గోడ మీది బొమ్మ దింపి, చంకలో పెట్టుకున్నారు. ఆ ఇంటావిడ మొహం చూడలేక నేను గబగబా చెప్పులేసుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు దారంతా సాధించాను. అంత మంచి ఇల్లు ఇంకెక్కడ దొరుకుతుంది, ఇంట్లో వాళ్ళు ఎక్కడ తింటే మనకెందుకు అని. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "ఆకలేస్తోంది, అశోకా రోడ్డుకి పోనీ" అన్నారు. ఎక్కడి గుర్గావ్, ఎక్కడి అశోకా రోడ్డు, ఎక్కడి ఇందిరాపురం! అయినా పోనిచ్చాను. అక్కడ ఆంధ్రా భోజనం పెట్టే క్యాంటీన్ దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. మాకు ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్యన చోటు దొరికింది. ఎదురుగా ఉన్న పెద్దాయన పప్పు గిన్నె మావైపు జరిపాడు, పక్కనున్న కుర్రాళ్ళు ఆయన వైపు పొడి డబ్బా తోశారు. ఆంటీ కడుపునిండా తిని, "చూశావా, ఇదీ బల్లంటే" అన్నారు. అది సన్‌మైకా బల్ల, ఆంటీ, అన్నాను. "అయితేనేం. ఒక్కళ్ళే తిన్న తిండి ఒంటికి పట్టదమ్మాయ్."

చలికాలం వచ్చేసరికి ఆవిడ చిక్కిపోయారు. ఆస్పత్రికి వెళ్ళడం, రావడం. ఏమైందంటే, "వయసు" అనేవారు. అంకుల్‌కీ అదే చెప్పారు. అంతకంటే ఎవరికీ ఏమీ చెప్పలేదు.

వాళ్ళ ఎదురు ఫ్లాటులో కరీంనగర్, వరంగల్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ఉంటారు. ఆ బల్ల మాకిమ్మని వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. "బ్యాచిలర్లకి పిల్లనైనా ఇస్తారు గానీ బల్లనెవరిస్తారయ్యా" అని ఆంటీ నవ్వేసేవారు. అలాంటిది ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని, రొప్పుతూ, వాళ్ళ గుమ్మం తొక్కారు. లోపల నేల మీద పేపర్లు పరిచి, మధ్యలో కుక్కర్ పెట్టుకుని కూర్చున్నారు. కంచాలు ఖాళీగా ఉన్నాయి.

"తినట్లేదేం?" అన్నారు ఆంటీ.

"ఒకడు క్యాబ్‌ల ఉన్నడు ఆంటీ. మెట్రో కోసం రోడ్డంత తవ్విన్రు కదా, జామైంది. వాడొచ్చినంక తింటం."

"రోజూ ఆగుతారా?"

"ఆగకపోతె వాడు తినకుంటనే పంటడు ఆంటీ."

మర్నాడే బొమ్మ వాళ్ళింటికి వెళ్ళిపోయింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నా ఇంట్లో టీ కప్పుకే డైరీ పెట్టించిన మనిషి! "ఆంటీ, వాళ్ళు రోజ్‌వుడ్ మీద వేడి కుక్కర్ పెట్టేస్తారు" అన్నాను. "పెట్టనీ. మచ్చ పడుతుంది, అంతేగా" అన్నారు. అంతేనా? అన్నేళ్ళ పోరు తర్వాత, అంతేగా? ఆవిడ కళ్ళు మూసుకుని పడుకున్నారు. బల్ల గడప దాటకముందే ఆవిడ దాటిపోయారు.

కార్యక్రమాలన్నీ అయ్యాక కుర్రాళ్ళు వచ్చి బల్ల కాళ్ళు విప్పి తీసుకుపోయారు. "పట్టుకుపోండి బాబూ, పీడా వదులుతుంది" అని అంకుల్ దారిచ్చారు. ఆస్పత్రి రోజుల నుంచీ ఆయన బ్రెడ్డుతో సరిపెట్టుకుంటున్నారని అందరికీ తెలుసు. నేను వండి పంపిన గిన్నెలు సగం అలాగే తిరిగొచ్చేవి. ఎవరు పిలిచినా ఆకలి లేదనడమే.

బల్ల వెళ్ళిన మర్నాడే, మొన్న ఆదివారం మధ్యాహ్నం, ఆ రోజ్‌వుడ్‌కి ఏ గతి పట్టించారో చూద్దామని నేనే వాళ్ళింటికి వెళ్ళాను. కుక్కర్ నేరుగా బల్ల మీదే ఉంది. నోరు తెరవబోయాను. కరీంనగర్ అబ్బాయి నన్ను కూర్చోబెట్టి, "మేడమ్, ఆంటీ మాకొక కండిషన్ పెట్టిన్రు. బల్ల పాడైనా పర్వాలేదు. అంకుల్‌ని మాత్రం రోజు ఒక పూటన్న పిలవాల్నట" అన్నాడు.

"ఆయన రారుగా" అన్నాను.

"అది గూడ చెప్పిన్రు. ఫస్ట్ టైమ్ పిలిస్తె రాడు, ఆయనకు మొహమాటం ఎక్కువ. కొంచెం ఆగి మల్లొకసారి పిలువున్రి, వస్తడు, అని."

గుర్గావ్ వెళ్ళిన నాటికి ఆవిడకి తన జబ్బు సంగతి తెలుసో లేదో నేను చెప్పలేను. ఈ కుర్రాళ్ళ గుమ్మం తొక్కేనాటికి మాత్రం తెలుసు. తన తర్వాత ఆయన నలుగురితో కూర్చుని తినే చోటు కోసం అలా రొప్పుతూ వచ్చారన్నమాట. ఆ ఒక్క ముక్క నాతో చెబితే ఆవిడ సొమ్మేం పోయేది? వేడి కుక్కర్ గురించి పోట్లాడకుండా, ఆ కాస్తసేపూ చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని కదా. ఇప్పుడు ఎవరిని సాధించను?

వరంగల్ అబ్బాయి వెళ్ళి ఎదురింటి బెల్ కొట్టాడు. తలుపు కొంచెమే తెరుచుకుంది. "లేదు బాబూ, నాకు ఆకలిగా లేదు. మీరు తినండి" అన్న అంకుల్ గొంతు మాకు వినబడింది. తలుపు మూసుకుంది. అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. ఎవరూ కుక్కర్ మూత తియ్యలేదు. ఒకడు సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు, ఒకడు ఉల్లిపాయ తరుగుతున్నాడు. కాసేపాగి ఆ అబ్బాయే మళ్ళీ లేచి వెళ్ళాడు. "అంకుల్, అన్నం చల్లారిపోతున్నది. మేం గూడ తినలే."

ఈసారి తలుపు పూర్తిగా తెరుచుకుంది. అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చేతిలో తన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఉన్నారు.