మోల్ అర్థం కాని మామయ్య

ఆవిడ తమ్ముడికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరు ఎంత విడమరిచి చెప్పినా, చివరివరకూ శ్రద్ధగా విని, కళ్ళు మిటకరించి, "మళ్ళీ చెప్పండి" అంటాడు. చెవుడు లేదు. బుర్ర తక్కువవాడూ కాదు. ఊళ్ళో సగంమందికి కారు నడపడం నేర్పింది అతనే. అయినా ఆ రెండు ముక్కలూ అనకుండా ఇంతవరకూ ఒక్క వస్తువు కొన్న పాపాన పోలేదు.

బట్టలుతికే మెషీను కొనడానికి వెళితే, దుకాణంలో అమ్మే పెద్దమనిషి ఒక్కో మీటా నొక్కి చూపించాడు. "మళ్ళీ చెప్పండి" అన్నాడు తమ్ముడు. ఆయన చెప్పాడు, చెప్పాడు, గొంతు బొంగురుపోయాక సైగలతో చెప్పాడు. ఆ సైగలు కూడా మళ్ళీ చేయించుకుని, మెషీను మాత్రం పక్క దుకాణంలో కొన్నాడు.

పళ్ళ డాక్టరునీ వదల్లేదు. ఏ పన్ను పీకాలో పదే పదే అడిగేసరికి డాక్టరుకి తనమీద తనకే అనుమానమొచ్చి ఎక్స్‌రే మరోసారి చూసుకున్నాడు. పీకాల్సింది ఆ పక్కదని తేలింది. తమ్ముడి మంచి పన్ను బతికింది గానీ, డాక్టరు ముఖంలో పోయిన కళ మళ్ళీ రాలేదు.

పెళ్ళికి ముందు, ఇప్పుడు అతని భార్య అయిన పిల్ల సిగ్గు విడిచి, "చేసుకుంటే నిన్నే చేసుకుంటాను" అంటే, అప్పుడూ "మళ్ళీ చెప్పు" అన్నాట్ట. "ఆ మాటతోనే లేచి వెళ్ళిపోవాల్సింది వదినా, బుద్ధిలేక మళ్ళీ చెప్పాను" అని మరదలు ఇప్పటికీ వాపోతుంది.

అలాంటి మనిషిని కూతురికి కెమిస్ట్రీ కోర్సు ఎంచిపెట్టమని పిలవడం ఆవిడ స్వయంకృతం.

ఏం చేస్తుంది మరి? కూతురు హైస్కూల్లో చేరిన కొన్నాళ్ళకే రోజూ పొద్దున కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. నొప్పి సరిగ్గా బడి బస్సుతో వచ్చి బస్సుతోపాటే పోయేది. బళ్ళో అడిగితే, "మీ అమ్మాయి నోరు విప్పదండీ, చదువు ఎక్కట్లేదు" అన్నారు. పిల్లని అడిగితే అసలేమీ అనలేదు. చివరికి బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టింది. ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో పొద్దుటిపూట పని చేసి, మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర పంతులమ్మ అవుతుంది. వాళ్ళాయన రైలు నడుపుతాడు. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతాడు. లెక్కలు, చరిత్ర ఎలాగో లాక్కొచ్చింది. కెమిస్ట్రీ దగ్గర బండి ఆగిపోయింది. ఆవిడకి అందులో తెలిసిన ఒకే ఒక్క సంగతి, తాను చదువుకునే రోజుల్లో అది తెలియకుండానే గట్టెక్కడం.

ఏడాది చివర పిల్ల ప్రైవేటుగా పరీక్ష రాయాలి. తప్పితే తిరిగి అదే బడి, అదే బస్సు, అదే కడుపునొప్పి. నెలాఖరులోగా ఇంట్లో కూర్చుని చదివే ఏదో ఒక కెమిస్ట్రీ కోర్సులో చేర్చాలి. బల్లమీద నమూనా పుస్తకాలు ఇటుకల్లా పేరుకున్నాయి. ప్రతిదానిమీదా తెల్లకోటు వేసుకున్న పిల్లలు గాజు గొట్టాలు పట్టుకుని, జన్మలో ఇంత ఆనందం ఎరగనట్టు నవ్వుతున్నారు.

ఆవిడకి నచ్చింది అన్నింటికన్నా లావుది. దానితోపాటు గాజు సామాను పెట్టె కూడా ఇస్తారు. పాఠం చెప్పే ఆయన పేరు వెనక డిగ్రీలు రైలుపెట్టెల్లా ఉన్నాయి.

"ఇదే ఖాయం చేద్దాంరా" అంది.

"ఆగక్కా, ఒక్కమాట అడుగుతాను" అని తమ్ముడు ఆ డిగ్రీలాయనకి కలిపి ఫోను స్పీకర్లో పెట్టాడు.

"సార్, మోల్ అంటే ఏంటండీ?"

"డజను అంటే పన్నెండు కదా? అలాగే మోల్ అంటే ఒక పెద్ద సంఖ్య. అణువుల్ని లెక్కపెట్టడానికి వాడతాం."

"డజను అంటే గుడ్లా?"

"ఏవైనా సరే."

"మళ్ళీ చెప్పండి."

ఆయన చెప్పాడు. తమ్ముడు మళ్ళీ చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాక, "ఇంతకీ మీరెంతవరకు చదువుకున్నారు?" అని ఫోనులోంచి ఒక నిట్టూర్పు వినిపించింది.

తమ్ముడు ఫోను పెట్టేశాడు. "ఇది వద్దక్కా."

"ఏం? ఎందుకని?"

"ఆయనకి జలుబు చేసింది."

రెండో కోర్సులో ఒకావిడ తేనె పూసినట్టు మాట్లాడింది. మోల్ సంగతి రెండోసారి అడగ్గానే, "అదంతా దానంతటదే అర్థమైపోతుందండీ, ముందు పేరు చెప్పండి, చేర్చేసుకుంటాను" అంది. మళ్ళీ అడిగితే మళ్ళీ పేరే అడిగింది.

"ఇదీ వద్దు. ఆవిడ కుర్చీ కిర్రుమంటోంది" అన్నాడు.

"కుర్చీతో మనకేం పనిరా! పాఠం చెప్పేది కుర్చీయా?" ఆవిడకి ఒళ్ళు మండింది. "నీకు మోల్ అర్థం కాకపోతే ప్రపంచానికి వచ్చిన నష్టమేమీ లేదు. పరీక్ష రాసేది అది!"

"అందుకే కదక్కా" అని, మిగిలిన పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత రోజుల్లో తన కారులో కూర్చుని ఎవరెవరికి ఫోన్లు చేశాడో, ఎందరి ఉసురు పోసుకున్నాడో తెలియదు. నెల ఇంకా మిగిలుండగానే ఒక పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టాడు. బూడిదరంగు అట్ట. లోపల బొమ్మలు కూడా అంతే కళగా ఉన్నాయి. గాజు పెట్టె లేదు. ప్రయోగాలన్నిటికీ వంటింట్లో వినిగరూ సోడా పొడీ చాలట. వారానికి కొన్ని గంటలు ఒక టీచరమ్మ ఫోనులో పాఠం చెబుతుందట.

"ఇన్ని చూసి ఇదా తెచ్చావు? దీన్ని చూస్తే పరీక్షకి ముందే నీరసం వస్తోంది!"

"అట్ట వేసుకుందాంలే" అన్నాడు.

తమ్ముడు ఆ టీచరమ్మని ఏ స్థితిలో వదిలాడో ఊహించుకుని, ముందుగా క్షమాపణ చెప్పుకుందామని ఆవిడ ఫోను చేసింది.

"మా తమ్ముడు మిమ్మల్ని బాగా విసిగించి ఉంటాడండీ. మనసులో పెట్టుకోకండి. వాడికి కాస్త నిదానంగా ఎక్కుతుంది."

అవతల టీచరమ్మ పకపకా నవ్వింది. "నిదానమా! ఆయనకి మొదటిసారే అర్థమైందమ్మా. డజనుతో చెప్పాను, అర్థం కాలేదన్నారు. సరే, డజనుతో అందకపోతే లోపం నా పోలికలో ఉందనుకుని గుండీలతో చెప్పాను. డజను చొక్కా గుండీలు, డజను కోటు గుండీలు, లెక్క ఒకటే, బరువు వేరు అని. మాటల్లో నేనెక్కడో తడబడి బరువు ఒకటే అనేశాను. ఆయన టక్కున 'లెక్క ఒకటేనండీ, బరువు కాదు' అని దిద్దేశారు. ఆ తర్వాత నాలుక కరుచుకున్నారు గానీ, దొరికిపోయారు కదా!"

"మరైతే ఎందుకండీ అన్నిసార్లు..."

"నేనూ నిలదీశాను. మీ అమ్మాయి బళ్ళో ఒకటికి రెండుసార్లు అడిగితే టీచరుగారు చాక్‌పీసు ఆమె చేతిలో పెట్టి, 'నువ్వే వచ్చి చెప్పు' అన్నారట. క్లాసంతా నవ్విందట. అప్పట్నుంచి నోరు విప్పడం మానేసిందట. 'మా పిల్ల మళ్ళీ అడుగుతుందండీ, అడగాలి కూడా. విసుక్కోని మనిషి కోసం వెతుకుతున్నాను' అన్నారు. మీకు తెలుసనుకున్నానే!"

ఆవిడ ఫోను పెట్టేసింది. తమ్ముణ్ణి కడిగేద్దామని ముందు గదిలోకి నడిచింది.

గదంతా గుండీలే. కుట్టుపెట్టె బోర్లించారు. ఆవిడ కోటుకున్న గుండీలు కూడా ఊడదీశారు. కూతురు నేలమీద మఠం వేసుకుని కూర్చుంది. ఎదురుగా తమ్ముడు, లోకంలోని అమాయకత్వమంతా ముఖాన పులుముకుని.

"చూడు మామయ్యా, ఇవి ఇన్ని, అవి ఇన్ని. లెక్క సమానం. తూచితే సమానం కాదు. వచ్చిందా?"

"ఊహూఁ. మళ్ళీ చెప్పు."

"అబ్బా! నువ్వు మరీను!" అంటూ పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో కడుపు పట్టుకుని ఏడవకుండా నవ్వడం చాలాకాలానికి జరిగింది. నవ్వుతూనే గుండీలన్నీ కలిపేసి, ఈసారి ఇంకో రకంగా పేర్చడం మొదలుపెట్టింది.

"ఒరేయ్, నాకెందుకు చెప్పలేదురా?" అంది ఆవిడ గొంతు తగ్గించి.

"అమ్మకి చెప్పొద్దంది. నువ్వెళ్ళి బడి పీకి పందిరేస్తావని దాని భయం" అన్నాడు తమ్ముడు, గుండీల మీంచి చూపు తిప్పకుండా.

అది నిజమే. కోటు సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుని, ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేలమీద చతికిలబడింది.

"కాస్త జరగరా. నాకైతే మొదటిసారి కూడా ఎవరూ చెప్పలేదు."