పందెం కాయని మైదానం

ఒమాన్‌లోని బర్కాలో, మాకు పని ఇచ్చిన అర్బాబ్ గుర్రాల లాయాన్ని ఆనుకుని ఒక రూమ్ ఉంది. అందులో ఇద్దరం ఉండేవాళ్ళం. నేను జగిత్యాల దిక్కు నుంచి బిల్డింగ్ పనికి వచ్చి, కంపెనీ మూతపడ్డాక ఈ లాయంలో కుదిరాను. ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఇండియాలో రెండు మూడు ఊళ్ళ రేసుకోర్సుల్లో గుర్రాలు చూసుకుంటూ సగం జీవితం గడిపి వచ్చాడు. చిన్నాన్న వరస కలిపి చిచ్చా అని పిలిచేవాణ్ణి. గుర్రం కాలు ఎత్తిపట్టి గిట్ట శుభ్రం చేయడం దగ్గర్నుంచి నాకు అన్నీ ఆయనే నేర్పాడు.

ఇక్కడ చలికాలంలో పందేలు జరుగుతాయి గాని ఎవరూ డబ్బు కాయరు. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, చాయ్ తాగుతూ గుర్రాలను చూసి పోతారు. చిచ్చాకు అది మహా ఇష్టం.

ఆయన తమ్ముడు వేరే దేశంలో, ఒక రేసుకోర్సులో మా పనే చేస్తాడు. అక్కడ జనం పలచబడ్డారట. మైదానంలోనే కాసినో పెట్టనిస్తే ఆ రాబడితో పందేలు నిలబడతాయని గుర్రాల యజమానులు, ఊరు పాడవుతుందని ఊరివాళ్ళు తగువులాడుకుంటున్నారట. కాసినో రాకపోతే లాయాలు మూసేస్తారని తమ్ముడి భయం. రావాలని దువా చేయమని ఫోన్‌లో అన్నను అడిగాడు. అలాంటి దువా తన నోట రాదన్నాడు చిచ్చా. మాటా మాటా పెరిగి తమ్ముడు ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం రొట్టెలు కాలుస్తుంటే, ఎందుకంత పట్టుదల అని అడిగాను.

"నేను సాదిన గుర్రం ఒకటి మలుపుకాడ పడ్డది బేటా. కాలు విరిగింది. నేను ఉరుకుతుంటే జనమంతా నా ఎదురుంగనే ఉన్నరు. ఒక్కడు గుర్రం దిక్కు చూడలే. అందరు చేతిల పందెం టికెట్లు చూసుకుంటున్రు. ఇగ లోపట జూదం మిషన్లు పెడితే బయటికే రారు. గుర్రం ఎవరి కోసం ఉరకాలె?"

నాకు కంపెనీ మూతపడ్డ రోజులు కళ్ళముందు కదిలాయి.

"ఎవలు చూసినా చూడకున్నా, లాయముంటెనే గుర్రానికి గడ్డి, మీ తమ్మునికి డ్యూటీ గద చిచ్చా" అన్నాను.

ఆయన పెనం దించాడు. ఆనాటి నుంచి నాతో పని మాటలే మాట్లాడేవాడు. గుర్రాలతో మాత్రం ఎప్పటిలాగే కబుర్లు చెప్పేవాడు. గోడకు ఇవతల నిలబడి వినేవాణ్ణి.

కొన్నాళ్ళకు అక్కడ కాసినోకు అనుమతి వచ్చింది. ఆ సంగతి చెప్పాలని తమ్ముడు చేసిన ఫోన్ చిచ్చా ఎత్తలేదు. తర్వాత మోకాళ్ళు పనిచేయక, వీసా రద్దు చేయించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా తలమీద చేయిపెట్టాడు.

ఏడాది తిరిగాక ఆయన తమ్ముడు నా నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. తన పని నిలిచిందట. కాసినో కిటకిటలాడుతోందట.

"గుర్రాలు మంచిగనే ఉన్నయి భాయ్. పందెం నాడు గ్యాలరీ ఖాళీ. అన్నకు మాత్రం చెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. చిచ్చా అప్పుడప్పుడు ఫోన్ చేసి ఒక్కొక్క గుర్రం గురించే అడుగుతాడు. తమ్ముడి ఊసు ఇద్దరం ఎత్తం. రూమ్‌లో ఆయన పడుకున్న మంచం మీదకు ఇంకా కొత్తవాళ్ళెవరూ రాలేదు. ఫోన్ పెట్టేశాక రూమ్‌లో ఉండబుద్ధి కాక, లాయంలోకి వెళ్ళి కాసేపు నిలబడతాను.