జగ్గమ్మ ఎడమ సీటు

పట్టాభి తెల్లచొక్కా మీద టీ ఒలికించి జగ్గమ్మ గెలిచిన తగాదాను కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా తెలుగువాళ్ళెవరూ మరిచిపోలేదు. ఆమె తన చేత్తో ఒలికించలేదు. వాడి బండి చేతే ఒలికించింది.

పికప్ బండ్ల స్టాండు పక్కన నేను పునుకులు వేసి అమ్ముతాను. బాడుగలు లేనప్పుడు ఓనర్లందరూ నా పొయ్యి చుట్టూ చేరి, ఎవరి బండి గొప్పదో చెప్పుకుంటారు. ఒకడు మైలేజీ అంటాడు. ఒకడు గేరుబాక్సు అంటాడు. ఇంకొకడు వానాకాలంలో మొలలోతు నీళ్ళల్లో కూడా తన బండి ఆగలేదంటాడు. పెళ్ళాం గురించి అంత మురిపెంగా మాట్లాడిన మగాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు.

ఆ రోజు పట్టాభి కొత్త బండికి బంతిపూల దండ వేసి తెచ్చాడు. ఏసీ ఉందన్నాడు, స్టీరింగు చిటికెన వేలితో తిరుగుతుందన్నాడు.

"ఈ సీట్లో కూకుంటే అత్తోరింట్లో పరుపు మీద కూకున్నట్టే" అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. జగ్గమ్మ వైపు తిరిగి, "నీ బండెక్కితే మాత్రం పురిటి నొప్పులొస్తాయి పిన్నీ" అన్నాడు.

"నీకొచ్చినాయేటి?" అంది జగ్గమ్మ.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఒరే పట్టాభీ, తోలినోడి సుకం వేరు, ఎనకెక్కినోడి సుకం వేరు. మెత్తటి సీటు మీద కూకున్నోడు బండి మంచిదని సెప్తే ఎవుడు నమ్ముతాడు? కూలోళ్ళనడుగు, సరుకునడుగు. టీ పట్టుకుని నీ బండి ఎనక్కెక్కు. డాకు గేటు దాకా ఎల్లిరా. తరవాత నా బండెక్కు. కప్పులో ఏ బండి ఎంత మిగులుత్తాదో సూద్దాం."

పట్టాభి రోషగాడు. స్టీరింగు ఇంకొకడికిచ్చి, నిండు మట్టికప్పు పట్టుకుని తన బండి వెనక ఉత్త ఇనుపరేకు మీద కూర్చున్నాడు. మొదటి గోతి దాటకముందే టీ అంతా చొక్కా మీదికొచ్చింది. తరవాత కప్పు మళ్ళీ నింపుకుని జగ్గమ్మ బండెక్కి వెళ్ళొచ్చాడు. కప్పులో సగం ఉంది.

"ఆ సగమన్నా తాగరా, సల్లారిపోతాది" అంది జగ్గమ్మ.

స్టాండంతా ఈలలు వేసింది. సునీల్‌కుమార్ అనే ఇంకో ఓనరు ఆమె బండికి దండం కూడా పెట్టాడు. పట్టాభి తడిసిన చొక్కాతోనే నవ్వేశాడు. ఓడినా నవ్వగలిగిన వాడికి ఆ తరవాత బుద్ధి కూడా వచ్చింది. గెలిచిన జగ్గమ్మకు రాలేదు. అదే నా బాధ.

జగ్గమ్మది మా శ్రీకాకుళం వైపే. మొగుడు గవరయ్య ఓడలాగే డాకులో మూటలు మోసేవాడు. జ్వరం వచ్చి పోయాడు. అతని తాలూకు డబ్బు చేతికొస్తే ఊళ్ళో భూమి కొనమన్నారు, బంగారం కొనమన్నారు. ఆమె పికప్ బండి కొంది. ఆడదానికి బండేమిటని నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. మొదట పెట్టిన డ్రైవరు డీజిలు తీసి అమ్ముకుంటున్నాడని తెలిసి, మర్నాటి నుంచి వాడి పక్కన ఎడమ సీట్లో తానే కూర్చుంది. తరవాత కొడుకు ఢిల్లీశ్వరరావు పెద్దవాడై స్టీరింగు పట్టాడు. డిల్లేసు అంటాం వాణ్ణి. కన్నకొడుకు తోలుతున్నా ఆమె ఆ సీటు వదల్లేదు.

ఊరికే కూర్చునేది కాదు. పక్కపేట మెటియాబురుజులో కుట్టిన గౌన్ల మూటలు హౌరా సంతకు వెళ్ళాలంటే బేరం ఆమే ఆడేది. బెంగాలీలో మొదలుపెట్టి, హిందీలో కసిరి, చివరికి తెలుగులో తిట్టి ఒప్పించేది. తాడు ముడి ఆమె బిగిస్తే హౌరా వెళ్ళే వంతెన మీద బండి ఆపి లాగి చూసే పని లేదు. పోలీసు చెయ్యెత్తితే డిల్లేసుకు నోరు పెగలదు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "దాదా, బిడ్డలున్నోడివి, ఎండలో నిలబడ్డావు, నీళ్ళు తాగుతావా?" అనేది. అతను నీళ్ళు తాగి పొమ్మనేవాడు. స్టాండులో ఎవరైనా "జగ్గమ్మ" అంటే ఆ సీట్లో మనిషే. ఇంట్లో జగ్గమ్మ ఎలా ఉంటుందో పక్కింటిదాన్ని, అక్క వరసలో 'అప్పా' అని ఆమె పిలిచేదాన్ని, నాకే సరిగ్గా తెలియదు.

తగాదా గెలిచిన రోజున డిల్లేసు ఒక మాట చెప్పాడు. నా ఎదుటే చెప్పాడు.

"అమ్మా, మన బండి మెత్తనిది కాదే. మూటలు మోసీ మోసీ కింద కమాన్లు, ఆ స్ప్రింగు పట్టీలు, అలిసిపోనాయి. అందుకే ఎగరలేదు. ఇప్పుడే మార్చీసుకుందుమా? కంపెనీవోళ్ళు పాతది తీసుకుని కొత్తది ఇత్తన్నారు."

"అలిసిపోతే అమ్మీడమేనేటి? నానూ అలిసిపోనాను. నన్నూ మార్చీ!" అంది.

"అది కాదే. ఇంకెన్నాళ్ళో ఈ ఊర్లో తిరగనివ్వరు."

"గెలిసిన బండిని ఎవుడన్నా అమ్ముకుంతాడా? పట్టాభిగాడు నవ్వడూ?"

అద్దె బండికి ఈ ఊళ్ళో పదిహేనేళ్ళే ఆయుష్షు. ఆ సంగతి స్టాండులో అందరికీ తెలుసు. ఓడిన పట్టాభి ఇంకో బండి కూడా కొన్నాడు. సునీల్‌కుమార్ తన పాతబండిని ముందే దూరపు జిల్లాకు అమ్ముకున్నాడు, అక్కడ ఇంకా తిరగనిస్తారట. జగ్గమ్మ మాత్రం మూటలు మోసే కూలోళ్ళను పిలిచి, "సెప్పండ్రా, ఏ బండి మెత్తనిది?" అని అడిగి మురిసిపోయింది. వాళ్ళు ఆమె బండి పేరే చెప్పేవారు. ఎదుట ఓనరమ్మ నిలబడి అడిగితే ఇంకెవరి పేరు చెబుతారు?

గడువు దగ్గర పడ్డాక అమ్మబోతే కొనేవాడు లేడు. అదే ఈడు బండ్లు అందరూ అమ్మేస్తున్నారు. చివరికి హౌరా దాటి లిలువా అవతల బండ్లు విడగొట్టే యార్డుకు ఇచ్చేద్దామన్నాడు డిల్లేసు. ఆ రోజు జగ్గమ్మ పొద్దున్నే స్నానం చేసి, బండికి పసుపు రాసి, నన్నూ రమ్మంది. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కున్నాం.

తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

"సూసినావా అప్పా?" అంది. "జబ్బు లేని మనిసిని మసానానికి తీసుకెల్తన్నాం."

యార్డులో తుప్పుపట్టిన తలుపులూ చక్రాలూ గుట్టలుగా ఉన్నాయి. అక్కడి మనిషి వచ్చి, "మాషీమా, దిగండి" అన్నాడు బెంగాలీలో. పిన్నిగారూ అన్నట్టు, మర్యాదగానే అన్నాడు. జగ్గమ్మ దిగలేదు. డిల్లేసు దిగి అటు తిరిగి నిలబడ్డాడు. ఆ మనిషి మళ్ళీ అన్నాడు. ఎంతమంది మీద నోరు చేసుకున్న మనిషో, ఆ రోజు ఒక్క తిట్టు కూడా రాలేదు ఆమె నోట. నేనే చెయ్యి పట్టుకుని దింపాను. దిగాక సీటు మీద దుమ్ము కొంగుతో తుడిచింది. ఎవరి కోసం తుడిచిందో నేనడగలేదు.

డిల్లేసుకు పట్టాభి పనిచ్చాడు. పట్టాభి కొన్న రెండో బండిని డిల్లేసే తోలుతున్నాడు. మంచి జీతం, ఇంట్లో తిండికి లోటు లేదు. కోడలు సత్యవేణి ఒక్క గదిలోనే మిషను పెట్టుకుని గౌన్లు కుడుతుంది. అత్తను పల్లెత్తు మాట అనదు. మిషనుకూ మంచానికీ మధ్య కాస్త చోటుంటే జగ్గమ్మ అక్కడ కూర్చుంటుంది. గుడ్డపేలికలు ఒళ్ళో పడుతుంటే దులుపుకుంటుంది.

కొన్నాళ్ళు పొద్దున్నే జడ వేసుకుని స్టాండుకొచ్చి నా బల్ల మీద కూర్చునేది. ఒకసారి ఓనర్ల మాటల మధ్య సునీల్‌కుమార్, పాపం మర్యాద కోసమే, "పిన్నీ, మా కొత్తబండి కాడికి ఓపాలి వొచ్చి సూడు. కమాన్లు ఎలాగున్నాయో నువ్వే సెప్పాల" అన్నాడు.

జగ్గమ్మ లేవబోయింది. మళ్ళీ కూర్చుంది.

"బండి లేనిదానికి నోరెందుకురా" అంది.

ఆ తరవాత స్టాండుకు రావడం మానేసింది. నేను తిట్టాను, బతిమాలాను, వేడి పునుకులు పట్టుకెళ్ళాను. ఒక్కటి తిని మిగతావి కోడలికిచ్చేది. కదలని చోట కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయనేది. మనిషి చిక్కిపోయింది. డాక్టరు చూసి రోగమేమీ లేదన్నాడు.

నిన్న మధ్యాహ్నం నేను ఉల్లిపాయలు తరుగుతుంటే గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అప్పా, డిల్లేసు తోలే బండిలో ఎడం పక్క సీటు కాళీగా ఎల్తందంట" అంది.

"అయితే?"

"ఆణ్ణి అడిగినాను. 'అమ్మా, నా ఉజ్జోగం పోతాది, ఊరుకో' అన్నాడు. ఆడి బయం ఆడిది."

నేను కత్తిపీట పక్కన పెట్టాను.

"నువ్వు పట్టాభి కాడికెల్లాల. నీ మాటంటే ఆడికి గవురవం. జీతం ఒద్దు. బేరాలాడతాను, తాడు కడతాను, పోలీసోళ్ళతో మాటాడతాను. నన్ను కూకోబెట్టుకుంటే సాలు. నానడిగినట్టు సెప్పకు అప్పా, నీకే తోసినట్టు సెప్పు."

గుమ్మం వదిలి ఒక అడుగు వేసింది. వెళ్ళిపోతుందనుకున్నాను.

"పట్టాభి ఒద్దంటే, ఆ మాట నాకు తేకు. ఆడు ఊర్లో లేడని సెప్పు. నానెన్నిపాల్లడిగినా అదే సెప్పు."