కరెంటు పోతే లేచినవాడు

మొన్న సోలాపూర్‌లో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాలకు పిలుస్తారనగా హాల్లో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, బ్యాండువాళ్ల మైకు మూగబోయింది. అంతమందిలో ఒక్కరూ కదల్లేదు, పెళ్లిపత్రికలతో విసురుకుంటూ కూర్చున్నారు. నేను మాత్రం లేచి నిలబడ్డాను. పక్కన మా ఆవిడ తలెత్తి చూసింది. నేనెందుకు లేచానో ఆ హాల్లో తెలిసింది ఆమెకొక్కదానికే. మీకు చెప్పాలంటే దాదాపు ముప్పై ఏళ్లు వెనక్కి, అదే ఊళ్లో నీలం నగర్‌లోని మా షెడ్డులోకి వెళ్లాలి.

అందులో మావి నాలుగు సాంచెలు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. తువ్వాళ్లు నేసేవాళ్లం. లెక్కల్లో బి.ఎస్సీ. పాసై కూడా నేను పదేళ్లు వాటి మధ్యే తిరిగాను. నడిచే సాంచె మోత మాకు వినబడదు, ఆగితేనే వినబడుతుంది. ఆగిందంటే పోగు తెగిందనో, కండెలో నూలు అయిపోయిందనో, కరెంటు పోయిందనో అర్థం. కరెంటు పోయినప్పుడైతే మరీ త్వరగా లేవాలి. హ్యాండిలు లాగి పెట్టకపోతే కరెంటు తిరిగొచ్చిన క్షణంలో సాంచె ఉలిక్కిపడి కదిలి పోగులు తెంపుకుంటుంది. "సాంచె ఆగినంక కూసున్నోడు నేతగాడే కాదు" అనేవాడు మా నాయన. అన్నం ముద్ద నోట్లో ఉన్నా లేచేవాళ్లం.

ముప్పై రెండో ఏట నాకు చదువు మీదికి గాలి మళ్లింది. నూలు ధర పొద్దునొకలా, సాయంత్రమొకలా ఉండేది. ఆ ఎగుడుదిగుళ్లను సంభావ్యత లెక్కలతో పట్టే చదువొకటి ఉందని, పుణెలో కొత్తగా పీజీ కోర్సు పెట్టారని మా పాత కాలేజీ సారు చెప్పి, రెండు పుస్తకాలు కూడా ఇచ్చాడు. ప్రవేశ పరీక్ష రాస్తానని నాయనకు చెప్పాను. "ఒక్కపారి రాయి బిడ్డా. రాకపోతే మల్ల ఆ ముచ్చట ఎత్తొద్దు. సాంచెలు నువ్వే సూసుకోవాలె, బస్" అన్నాడు. సరేనన్నాను. అనక చేసేదేముంది!

పుస్తకం తెరిస్తే, ఒకప్పుడు చుట్టాల్లా మసలిన సూత్రాలన్నీ నన్నెక్కడా చూడనట్టు మొహం తిప్పుకున్నాయి. చెప్పేవాళ్లు లేరు. సారుకు కూడా సగమే తెలుసు, ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. షెడ్డులో స్టూలు మీద పుస్తకం, గుమ్మంలో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే మా ఆవిడ. ఇరవై ఐదు బీడీల కట్ట పూర్తయ్యేలోపు నేనొక లెక్క చెయ్యాలని ఆమె పెట్టిన పందెం. "కట్ట అయిపాయె. నీ లెక్క ఏమాయె?" అనేది. "ఆగు, సగంల ఉన్న" అంటే, "నీ సగం ఎప్పటికీ సగమే" అని ఇంకో ఆకు కత్తిరించేది. అలా ఏడు నెలలు ఓడిపోయాను. ఎనిమిదో నెలలో ఒకరోజు కట్టకు రెండు లెక్కలు తేలాయి. ఆమె చేట పక్కన పెట్టి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు సీటు వచ్చేసినట్టే అనిపించింది, పిచ్చివాణ్ణి.

పుణెలో పరీక్ష హాలు నిండా ఇరవై ఏళ్ల పిల్లలు. గడువుకు ముందు సీట్లోంచి లేచినవాళ్లు పేపరు ఇచ్చేసినట్టేనని సూపర్‌వైజరు మొదటే రెండుసార్లు చెప్పాడు. ఆ హాల్లో నిశ్శబ్దం నా చెవులు కొరికేసింది. అదృష్టం కొద్దీ నెత్తి మీద ఫ్యానొకటి టకటకలాడుతూ తిరుగుతోంది. దాని మోతలో నాకు మా షెడ్డు దొరికింది. గంటసేపు బాగా రాశాను, నిజంగా బాగా రాశాను. నాలుగో లెక్క మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. నేను లేచాను. లేవడమే కాదు, పెన్ను చేత్తో పట్టుకుని బెంచీల మధ్య రెండడుగులు కూడా వేశాను, హ్యాండిలు కోసం. అప్పుడు తెలివొచ్చింది. అప్పటికే సూపర్‌వైజరు నా పేపరు తీసేసుకున్నాడు. "కరెంటు పోయింది సార్" అన్నాను మరాఠీలో. "అందరికీ పోయింది" అన్నాడాయన. అది నిజమే. ఏడుపు మాత్రం వచ్చింది.

ఇంటికొచ్చి నాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. ఆయన తల దించుకుని, "లేవకుంట ఎట్లుంటవ్ బిడ్డా" అన్నాడు. నేర్పింది తనే కదా. ఇచ్చిన మాట ప్రకారం మర్నాడు పొద్దున సాంచెల దగ్గరికి వెళ్లాను. ఆ ముచ్చట మళ్లీ ఎత్తలేదు. నాయన పోయాడు, తర్వాత సాంచెలూ అమ్మేశాం.

మొన్న పెళ్లి హాల్లో మా ఆవిడ నా చొక్కా అంచు పట్టి మెల్లగా లాగింది. "కూసో. ఇప్పుడు నీ పేపరు గుంజుకపోయెటోడు ఎవడున్నడు?" అంది. కూర్చున్నాను. ఆ రోజు పుణెలో కూర్చుని ఉండవలసినవాణ్ణి, కూర్చోవడానికి ఇన్నేళ్లు పట్టింది.